ఊట్లపెల్లి బస్సులో ఆశ్చర్య నిష్పత్తి

ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయని ప్రజా రవాణా సంస్థ కొత్త ఎం.డి. గారికి తన యాభై రెండో ఏట తెలిసింది. అదేమంత నేరం కాదు. చాలామంది ఆ సంగతి తెలియకుండానే ఉద్యోగంలో చేరి, తెలియకుండానే రిటైరై పోతుంటారు. కానీ ఎం.డి. గారు ఆ వాక్యం చదివింది విమానంలో. తలెత్తి చుట్టూ చూస్తే తోటి ప్రయాణికులందరూ నోళ్ళు తెరుచుకుని నిద్రపోతున్నారు. నోళ్ళు తెరిచే ఉన్నాయి, కానీ ఆశ్చర్యంతో కాదు. అది ఆయన మనసును కలచివేసింది.

దిగిన మర్నాడే సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త డిపోల సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ప్రయాణికుడు ఎక్కునప్పటి జ్ఞానముతోనే దిగిపోవుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరమని యాజమాన్యము భావించుచున్నది. కావున ఇకమీదట కండక్టరు ప్రతి టిక్కెట్టుతో పాటు ఒక విశేషమును వినిపించవలెను. తత్ఫలితముగా కలిగిన ఆశ్చర్యమును టిక్కెట్ల లెక్క వ్రాయు వే బిల్లులో కొత్తగా చేర్చబడిన పద్నాలుగవ గడియందు నమోదు చేయవలెను."

సర్క్యులరుతో పాటు ముప్ఫై విశేషాలున్న చిన్న పుస్తకం, ఒక కొలతల పట్టిక కూడా వచ్చాయి. కనుబొమ్మలు లేస్తే అర మార్కు. "అవునా" అంటే ఒకటి. నోరు తెరుచుకుంటే రెండు. తెరుచుకోవడమంటే పై పెదవికీ కింది పెదవికీ మధ్య కనీసం రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆవలింతలు లెక్కలోకి రావు. ఈ మార్కులన్నీ కూడి, టిక్కెట్ల సంఖ్యతో భాగించి, వందతో హెచ్చిస్తే వచ్చేది ఆశ్చర్య నిష్పత్తి. అది అరవైకి తగ్గిన సర్వీసును రద్దు చేస్తారు.

కండక్టరు స్వరూప ఈ చివరి వాక్యాన్ని మూడుసార్లు చదువుకుంది.

ఆమె పనిచేసే బస్సు ఊట్లపెల్లి నుంచి పొద్దున ఎనిమిది పదికి బయల్దేరి, ఇరవై నాలుగు కిలోమీటర్లు నడిచి రాజవరం చేరుతుంది. సీట్లు యాభై, ఎక్కేవాళ్ళు అరవైకి పైనే. బస్సు ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్ళు, సంచులు, ఒక్కోసారి టిఫిన్ డబ్బాలు కూడా వచ్చి సీట్లలో కూర్చుంటాయి. రెండేళ్ళ కిందటి వరకూ ఆ ఊరికి బస్సే లేదు. మెయిన్ రోడ్డుకు ఏడు కిలోమీటర్లు తుమ్మ చెట్ల మధ్య నడవాలి. అందుకని ఊళ్ళో ఆడపిల్లల చదువు పదో తరగతితో ఆగిపోయేది. బస్సు వచ్చాక పద్దెనిమిది మంది పిల్లలు కాలేజీలో చేరారు. అందులో స్వరూప కూతురు కీర్తన ఒకతె, ఇంటర్ రెండో సంవత్సరం. బస్సు ఆగితే ఆ పద్దెనిమిది మంది చదువూ ఆగుతుంది. స్వరూపకు వేరే విశేషాలేవీ తెలియకపోయినా ఈ ఒక్కటీ బాగా తెలుసు.

మొదటి రోజు అంతా బాగానే జరిగింది. స్వరూప గొంతు సవరించుకుని పుస్తకంలో మొదటి విశేషం చదివింది.

"మిరపకాయ మన దేశంది కాదు. సముద్రాలు దాటి అమెరికా ఖండం నుంచి మన దగ్గరికి వచ్చింది."

బస్సంతా "అవునా" అంది. వెనక సీట్లో నలుగురు ఆడవాళ్ళు నోరే తెరిచారు. స్వరూప సంబరంగా మార్కులు వేసుకుంటూ ముందుకు వచ్చి, ఒళ్ళో ఆకుకూరల గంప పెట్టుకుని కూర్చున్న బుచ్చవ్వ దగ్గర ఆగింది. బుచ్చవ్వ రోజూ రాజవరం మార్కెట్లో తోటకూర, చుక్కకూర అమ్ముకుంటుంది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆమె మొహంలో ఏమీ కదల్లేదు.

"గంతేనా?" అంది బుచ్చవ్వ. "మా అత్త గూడ ఎక్కడ్నుంచో అచ్చింది. నలబై ఏండ్లు ఇంట్ల ఆమె చెప్పిందే నడిచింది. ఎవలు యాడికెల్లి అచ్చిండ్రో ఎవలడుగుతరు బిడ్డా, కారముంటె చాలదా?"

స్వరూప సున్నా వేసింది.

రెండో రోజు ఆక్టోపస్. "మూడు గుండెకాయలా?" అని బుచ్చవ్వ జాలిపడింది. "ఒక్కటి ఉంటేనే గింత రంది. పాపం, మూడున్నదానికి నిద్రెట్ల పడ్తది?" జాలికి పట్టికలో మార్కు లేదు. మూడో రోజు శుక్రగ్రహం మీద ఒక పగలూ రాత్రీ గడవడానికి కాదు గాని, ఆ గ్రహం తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి అక్కడి ఏడాది కంటే ఎక్కువ పడుతుందని స్వరూప తడబడుతూ చదివితే బుచ్చవ్వ సూటిగా పనికొచ్చే సంగతి అడిగింది. "ఆడ కూలి రోజు లెక్కనా, ఏడాది లెక్కనా?"

బుచ్చవ్వ ఒక్కతే అయితే ఫరవాలేదు. కానీ బస్సులో ఎక్కేది రోజూ ఆ అరవై మందే. విశేషాలు ముప్ఫై. నెల తిరిగేసరికి ఊట్లపెల్లిలో చంటిపిల్లలకు కూడా ఆక్టోపస్ గుండెల లెక్క వచ్చేసింది. స్వరూప "మిరపకాయ" అని నోరు విప్పగానే బస్సంతా మిగతా వాక్యం అప్పజెప్పేది. నిష్పత్తి ఎనభై నుంచి నలభైకి, నలభై నుంచి నాలుగుకు దిగింది.

డిపో మేనేజర్ నరహరి ఆమెను పిలిపించారు. ఆయన మంచివాడే. భార్యతో మాట్లాడేటప్పుడు మామూలుగానే మాట్లాడతాడని చూసినవాళ్ళు చెబుతారు. కుర్చీలో కూర్చుంటే మాత్రం మాట మారిపోతుంది.

"స్వరూపగారూ, మీ సర్వీసు పనితీరు పట్ల యాజమాన్యం తీవ్ర అసంతృప్తి వ్యక్తపరుస్తున్నది."

"బండిల కాలు పెట్ట సందు లేదు సార్. ఇంకొక బండి వెయ్యిమని అడుగుదామనే అనుకుంటున్న."

"ఆక్యుపెన్సీ అనేది కేవలం భౌతికమైన అంశం. ప్రస్తుతం మనం దృష్టి సారించవలసింది మానసిక ఆక్యుపెన్సీపై." ఆయన గోడ మీది పటం వైపు కర్ర చూపారు. "బైపాస్ సర్వీసును చూసి నేర్చుకోండి. నిష్పత్తి రెండు వందలు."

స్వరూపకు ఆ సర్వీసు తెలుసు. ఊరి చుట్టూ ఖాళీగా తిరుగుతుంది, మనిషన్నవాడు ఎక్కడు. అందుకని ఆ కండక్టరు అప్పుడప్పుడూ ఎక్కే తన బావమరిదికి ఒక టిక్కెట్టు కొట్టి విశేషం చెబుతాడు. బావమరిదికి మతిమరుపు. అదే ఆక్టోపస్‌కు ప్రతిరోజూ కొత్తగా నోరు తెరుస్తాడు. ఒక్క టిక్కెట్టు, రెండు మార్కులు. ఆ బావమరిదికి 'ఉత్తమ ప్రయాణికుడు' అని సన్మానం కూడా చేశారు. శాలువా కప్పితే ఇదెందుకని అడిగాడట. చెబితే నోరు తెరిచాడట. దానికీ రెండు మార్కులు వేశారు.

"పోనీ సార్, కొత్త విశేషాల పుస్తకమన్న ఇప్పియ్యుండ్రి. ఉన్నయన్ని మా వాళ్ళకు నోటికి అచ్చినయి."

"ద్వితీయ సంపుటి ఆమోద కమిటీ పరిశీలనలో ఉన్నది. తేనె పాడవుతుందా పాడవదా అనే విషయంపై పరిశీలన నిమిత్తం కమిటీ ఒక సీసా కొనుగోలు చేసింది. అది పాడయ్యే వరకు వేచిచూస్తారు."

"అది పాడు కాకపోతే?"

"వేచిచూస్తారు," అన్నారు నరహరి. "అంతవరకు ఉన్న విశేషాలతోనే సర్దుకోవలసి ఉంటుంది. టిక్కెట్టు కొన్న తరువాత ఆశ్చర్యపడటం ప్రయాణికుని బాధ్యత. పై బుధవారం పరిశీలన దళం నుంచి ఇన్‌స్పెక్టర్ సుదర్శనం గారు వస్తున్నారు. ఆ రోజు నిష్పత్తి అరవైకి తగ్గితే ఒకటో తారీఖు నుంచి సర్వీసు రద్దు. నా చేతుల్లో ఏమీ లేదు."

ఆయన చేతుల్లో నిజంగానే ఏమీ లేదు. కర్ర కూడా గోడకు ఆనించేశారు.

ఆ సాయంత్రం బస్సు ఊట్లపెల్లికి తిరిగి వస్తుండగా స్వరూప మధ్యలో నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. చెప్పేటప్పుడు కీర్తన వైపు చూడలేదు. డ్రైవరు జాంగీర్ కూడా ఇంజను తగ్గించి విన్నాడు.

"గీ మాత్రానికి బస్సు బందు జేస్తరా?" అన్నాడు ఒక ముసలాయన. "అయితె నోరే కద తెరిచేది. తెరుద్దాం తియ్యి."

అప్పట్నుంచి నాలుగు రోజులు బస్సులో శిక్షణ జరిగింది. కాలేజీ ఆడపిల్లలు పెద్దవాళ్ళకు నోరు తెరవడం నేర్పారు. కొందరికి కనుబొమ్మలు లేచేవి కావు. కొందరికి లేచినవి దిగేవి కావు. అందరూ ఒక్కసారే తెరవాలంటే గుర్తు ఉండాలి కదా అని జాంగీర్ ఉపాయం చెప్పాడు.

"నేను అద్దంల చూస్త. చెల్లె విశేషం చెప్పుడు అయిపోంగనే హారన్ కొడ్త. హారన్ ఇనపడంగనే నోరు తెరవుండ్రి."

బుచ్చవ్వ మాత్రం గంప సర్దుకుంటూ కూర్చుంది.

"నువ్వు గూడ తెరువవ్వా, జర పిల్లల కోసం," అని బతిమాలింది స్వరూప.

"తెరిస్తె తప్పేం లేదు బిడ్డా. కని రాదు. నాకు నవ్వస్తది," అంది బుచ్చవ్వ. అబద్ధమాడటానికి ఆమెకు అభ్యంతరమేమీ లేదు. మార్కెట్లో నిన్నటి తోటకూరను ఇవాళ్టిదని అమ్మడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కానీ ఆశ్చర్యపోవడం ఆమెకు చేతగాని పని.

బుధవారం వచ్చింది. సుదర్శనం గారు జీపులో ఊట్లపెల్లి దాకా వచ్చి బస్సెక్కారు. తెల్లటి సఫారీ, జేబులో రెండు పెన్నులు, చేతిలో ఉక్కు స్కేలు. పుట్టింది, పెరిగింది, చదివింది నగరంలోనే. పల్లెటూరి దారిలో ప్రయాణం ఇదే మొదటిసారని ఆయన స్వయంగా చెప్పారు. బుచ్చవ్వ గంప జరిపి ఆయనకు చోటిచ్చింది.

ఆ రోజు టిక్కెట్లు అరవై నాలుగు. స్వరూప చివరి టిక్కెట్టు కొట్టి, పుస్తకం తీసి, పేజీ తిప్పింది. పిల్లలందరూ హారన్ కోసం చెవులు రిక్కించారు.

ఆమె ఇంకా నోరు తెరవనే లేదు. రోడ్డుకు అడ్డంగా ఒక బర్రె వచ్చి నిలబడింది. జాంగీర్ అలవాటు కొద్దీ హారన్ కొట్టాడు.

అరవై మూడు నోళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి.

సుదర్శనం గారు ఉలిక్కిపడి చుట్టూ చూశారు. బర్రె కదల్లేదు. జాంగీర్ మళ్ళీ కొట్టాడు. మూసుకుంటున్న నోళ్ళు మళ్ళీ తెరుచుకున్నాయి. "అవునా!" అని వెనకనుంచి ఎవరో గట్టిగా అరిచారు కూడా. జాంగీర్‌కు అప్పుడు గుర్తొచ్చి నాలిక్కరుచుకుని హారన్ మీంచి చెయ్యి తీశాడు గాని, అప్పటికే సుదర్శనం గారు పెన్ను మూత తీశారు.

"విశేషం వినిపించక మునుపే ప్రయాణికులు సామూహికంగా ఆశ్చర్యపడియున్నారు," అని రాసుకుంటూ పైకి చదివారు. "దీనిని ముందస్తు ఆశ్చర్యంగా పరిగణిస్తూ, ఈ బస్సులోని అరవై నాలుగు మంది టిక్కెట్టుదారుల ఆశ్చర్యాన్ని నేటికి రద్దు చేయడమైనది. నిష్పత్తి సున్నా."

కీర్తన కళ్ళలో నీళ్ళు నిండాయి. స్వరూప రాడ్ పట్టుకుని నిలబడింది. కాళ్ళా వేళ్ళా పడదామా అంటే, పట్టికలో దానికీ గడి ఉండదు.

ఈలోగా బర్రె తీరుబడిగా బస్సు పక్కకు వచ్చి, సుదర్శనం గారి కిటికీలో మూతి పెట్టింది. ఆయన ఫైలు అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగారు.

"కిటికీ మూయండి! కరుస్తుందేమో!"

"బర్రె కరుసుడేంది సారూ?" అంది బుచ్చవ్వ. "దానికి ముంగట మీది పండ్లే ఉండయి గద."

"ఏమిటీ?"

"మీది పండ్లుండయి. కింది పండ్లే. ఆవుకు గంతే, మేకకు గంతే. సూడుండ్రి." ఆమె చెయ్యి చాపి బర్రె పై పెదవి ఎత్తి చూపించింది. అక్కడ పళ్ళు లేవు, నున్నటి చిగుళ్ళు మాత్రమే ఉన్నాయి.

సుదర్శనం గారికి నలభై ఎనిమిదేళ్ళు. పుట్టినప్పట్నుంచి పాలు తాగుతున్నారు. చిన్నప్పుడు ఆవు మీద వ్యాసం రాసి బహుమతి కూడా తీసుకున్నారు. ఆయన బర్రె మూతి వైపు చూశారు. కింద పళ్ళు, పైన ఏమీ లేదు. ఆయన నోరు తెరుచుకుంది.

స్వరూప ఆ నోటి వైపు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా ఆమె మొహం మారింది. ఆ సర్క్యులర్ ఆమెకు అక్షరం అక్షరం కంఠతా వచ్చు, భయంతో చదివింది మరి.

"సార్, ఆ స్కేలు ఒక్కపారి ఇస్తరా?"

ఆయన పరధ్యానంగా ఇచ్చారు. ఆమె పెదవుల మధ్య పెట్టి చూసింది. మూడున్నర సెంటీమీటర్లు. వే బిల్లు తీసి పద్నాలుగో గడిలో రెండు అని వేసింది.

"ఏం రాస్తున్నావమ్మా?"

"మీ ఆశ్చర్యం సార్. ఆరో నిబంధనల 'డ్రైవరు, కండక్టరు కాక బస్సులో ఉన్న ప్రతి వ్యక్తి ప్రయాణికుడే' అని ఉన్నది. మీది రద్దు కాలే. మీరు రద్దు చేసింది టిక్కెట్టున్నోళ్ళది. మీరు పాసు మీద అచ్చిండ్రు."

"కానీ ఇది పుస్తకంలోని విశేషం కాదు! పైగా కండక్టరు వినిపించాలి!"

"పుస్తకంలదే చెప్పాలని ఎక్కడ లేదు సార్. ఇగ వినిపియ్యుడంటరా..." స్వరూప గొంతు సవరించుకుంది. "సార్, బర్రెకు ముందు పై పళ్ళు ఉండవు."

సుదర్శనం గారు సర్క్యులర్ బయటికి తీశారు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. ఎన్ని తప్పులున్నా నిబంధన దగ్గర మాత్రం అబద్ధమాడే మనిషి కాడు.

"అవునా! అవునే," అన్నారు.

స్వరూప ఇంకో మార్కు వేసింది. బస్సులో పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక మనిషి ఎన్నిసార్లు ఆశ్చర్యపడవచ్చో సర్క్యులర్‌లో ఎక్కడా రాసిలేదు.

ఇంకేముంది. బస్సు బస్సంతా సుదర్శనం గారి మీదికి వంగింది. పల్లికాయ చెట్టుకు వేలాడదు, పువ్వు పైన పూసి, దాని ఊడ భూమిలోకి దిగితే కింద కాయవుతుందని ఒకాయన చెప్పాడు. స్వరూప తిరిగి వినిపించింది. రెండు. తాటిచెట్లలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు, మగదానికి ముంజలు కాయవని కల్లుగీసే గౌడన్న చెప్పాడు. రెండు. చింతాకు పొద్దుగూకగానే ముడుచుకుంటుందని కీర్తన స్నేహితురాలు చెప్పింది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని ఇంకొకామె చెప్పి, నమ్మకపోతే చూడమని కొంగు ముడి విప్పి, అరచేతిలో కలిపి మరీ చూపించింది. సుదర్శనం గారు తన నుదుటి కుంకుమ బొట్టు తడుముకున్నారు. ఇరవై నాలుగు కిలోమీటర్లూ ఆయన నోరు మూయలేదు. మధ్య మధ్య ఫైలు గుర్తొచ్చి మూద్దామని చూసేవారు, ఈలోగా బుచ్చవ్వ గంపలోంచి ఇంకేదో తీసేది. చివరికి ఆయనే అడగడం మొదలుపెట్టారు.

"మరి గుమ్మడికాయ?"

"ఒకటే తీగకు ఆడ పువ్వు, మగ పువ్వు రెండూ పూస్తయి సారూ. మగ పువ్వు ఎన్నడు కాయ కాదు."

"అవునా!"

రాజవరం స్టాండులో స్వరూప లెక్క తేల్చింది. ఎనభై రెండు మార్కులు, అరవై నాలుగు టిక్కెట్లు. నిష్పత్తి నూట ఇరవై ఎనిమిది. సుదర్శనం గారు దాని కింద సంతకం చేసి, తేదీ వేసి, చెంపలు నిమురుకుంటూ దిగిపోయారు. దవడ పట్టేసింది పాపం.

ప్రధాన కార్యాలయం ఆ అంకెను నమ్మలేదు. విచారణకు ఇద్దరు అధికారులను పంపింది. వాళ్ళు కూడా ఆ బస్సులోనే రావాలి కదా. ఆ రోజు నిష్పత్తి రెండు వందల పది. ఆ విచారణ మీద విచారణకు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో ఒకాయన బియ్యపు చెట్టు నీడ ఎంత ఉంటుందని అడగడంతో ఆ ఒక్క రోజుకు బుచ్చవ్వ మొహంలో కూడా కనుబొమ్మలు లేచాయి. స్వరూప ఆమెకు అర మార్కు వేసింది.

చివరికి సంస్థ ఉత్తర్వులిచ్చింది. ఊట్లపెల్లి సర్వీసును 'విశిష్ట ఆశ్చర్య మార్గము'గా గుర్తిస్తూ, నిష్పత్తి అరవైకి తగ్గనంత కాలము కొనసాగించవలెననీ, రద్దీ దృష్ట్యా రెండవ బస్సు మంజూరు చేయవలెననీ, అధికారులు వారానికొకరు చొప్పున అందులో ప్రయాణించి సంస్థ జ్ఞాన ప్రమాణములను కాపాడవలెననీ అందులో రాశారు. నరహరి గారు ఉత్తర్వు అందిస్తూ, ఇది మన డిపో సమష్టి కృషి అన్నారు. ఆయన ఇంతవరకూ ఆ బస్సెక్కలేదు. ఎక్కబోడని జాంగీర్ పందెం వేశాడు.

అయినా స్వరూప గుండెలో ఒక మూల గుబులు పోలేదు. వచ్చిన అధికారులు రెండోసారి వస్తే నోరు తెరవరు. చివరికి అన్నీ తెలుసుకున్నవాళ్ళే మిగిలి, నిష్పత్తి మళ్ళీ పడిపోతే? కీర్తన పరీక్షలకు ఇంకా రెండు నెలలుంది. ఆ తర్వాత కింది తరగతి పిల్లలున్నారు.

మొన్న సోమవారం కొత్తగా నియమితులైన డిప్యూటీ మేనేజర్ గారు బస్సెక్కారు. కుర్రవాడు, మెడలో కార్డు, కళ్ళకు నల్లద్దాలు. బుచ్చవ్వ గంప జరిపి పక్కన చోటిచ్చి, ఎగాదిగా చూసింది.

"ఏం చదువుకున్నవు సారూ?"

ఆయన తన డిగ్రీలు చెప్పారు. రెండు ఇక్కడివి, ఒకటి విదేశాల్లోది. రవాణా రంగం మీద పరిశోధన కూడా చేశారట. బుచ్చవ్వ ఓపిగ్గా అంతా విని, స్వరూప వైపు తిరిగింది.

"ఇగ నువ్వు రంది పడకు బిడ్డా. ఈయన ఒక్కడే మనకు ఎండకాలం దాక సరిపోతడు."